ప్లాస్మిడ్ల లెక్క ఎవరి దగ్గర ఉంది? ఆస్పత్రి యాజమాన్యాలకు, ఆరోగ్య శాఖ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆస్పత్రి యాజమాన్యాలకు, ఇన్ఫెక్షన్ నివారణ కమిటీల సభ్యులకు, ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం. నేను క్లినికల్ మైక్రోబయాలజిస్టును. రోగుల రక్తం, మూత్రం, చీము, కఫం నమూనాల్లో ఏ బ్యాక్టీరియా పెరిగిందో గుర్తించి, దానికి ఏ మందు పనిచేస్తుందో చెప్పడం నా ఉద్యోగం. మీ మీద గౌరవం ఉంది, మీకున్న ఒత్తిళ్లూ తెలుసు. నేరుగా విషయానికి వస్తాను.

మందులకు లొంగని ఇన్ఫెక్షన్లు ఆస్పత్రిలో ఒకరి నుంచి ఒకరికి పాకుతున్నాయా లేదా అని తేల్చడానికి మనం వాడుతున్న కొలబద్దే సరిగా లేదు. ఒకే వార్డులో ఒకే జాతి బ్యాక్టీరియా, అదీ ఒకే స్ట్రెయిన్ (ఆ జాతిలోని ఒకే వంశం), ఇద్దరు ముగ్గురికి వస్తేనే దాన్ని ఔట్‌బ్రేక్ అంటున్నాం. జాతి వేరైతే చాలు, "సంబంధం లేని కేసులు" అని రాసి ఫైలు మూసేస్తున్నాం. క్లెబ్సియెల్లా, ఈ.కోలి లాంటి పేగు బ్యాక్టీరియాలో మందులకు లొంగకుండా చేసే ముఖ్యమైన నిరోధక జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ల మీద, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి దాటగల విడి డీఎన్ఏ ముక్కల మీద ఉంటాయి. ప్లాస్మిడ్‌కు జాతి పట్టింపు లేదు.

ఈ సంగతి మా ల్యాబ్ నుంచి ముందు నోటుగా పంపాం, తర్వాత కమిటీ మీటింగులో చెప్పాం, ఆ తర్వాత పై అధికారులకు ఉత్తరం రాశాం. నోటు ఫైల్లోకి వెళ్లింది. మీటింగులో "అవి వేర్వేరు బ్యాక్టీరియా కదండీ" అన్నారు. ఉత్తరానికి జవాబే లేదు. అందుకే ఇలా అందరి ముందుకూ రావాల్సి వచ్చింది.

ఏం జరిగిందో చెబుతాను. ఏ ఆస్పత్రో చెప్పను, ఆ అవసరం కూడా లేదు. ఒకే ఐసీయూ. ఒకరి రక్తంలో క్లెబ్సియెల్లా, క్యాథెటర్ పెట్టిన ఇంకొకరి మూత్రంలో ఈ.కోలి, మరొకరి ఆపరేషన్ గాయంలో ఎంటరోబ్యాక్టర్. బ్యాక్టీరియాను పెంచే మ్యాకాంకీ అగార్ ప్లేటు మీద చూస్తే దేని తీరు దానిదే. క్లెబ్సియెల్లా కాలనీలు జిగటగా, ఉబ్బెత్తుగా ఉంటాయి, ఈ.కోలివి చదునుగా, పొడిగా, ముదురు గులాబీ రంగులో ఉంటాయి. కానీ మందు బిళ్లలు పెట్టిన ప్లేట్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒకదానికొకటి నకలులా ఉన్నాయి. ఆరు మిల్లీమీటర్ల కాగితపు బిళ్లలవి. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా లేని ఖాళీ వలయం కనిపిస్తుంది. ఇక్కడ సెఫ్ట్రియాక్సోన్, మెరోపెనెం, జెంటామైసిన్, అమికాసిన్ బిళ్లల అంచు దాకా బ్యాక్టీరియా దట్టంగా పెరిగిపోయింది, మూడు ప్లేట్లలోనూ.

పీసీఆర్ చేస్తే మూడింటిలోనూ ఎన్‌డీఎం జన్యువు కనిపించింది, మెరోపెనెం లాంటి మందులను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేసేది అదే. ఆ తర్వాత ల్యాబుల్లో ఏనాటి నుంచో ఉన్న పరీక్షే చేశాం. జే53 అని ఒక ల్యాబ్ ఈ.కోలి స్ట్రెయిన్ ఉంది. రోగుల నుంచి వచ్చిన ఈ బ్యాక్టీరియాను పెరగనివ్వని సోడియం అజైడ్‌లో అది హాయిగా బతుకుతుంది, కానీ ఈ మందులకు ఇట్టే లొంగిపోతుంది. రోగి నుంచి వచ్చిన బ్యాక్టీరియాను దానితో కలిపి రాత్రంతా ఉంచి, మర్నాడు అజైడ్, యాంటీబయాటిక్ రెండూ కలిపిన ప్లేటు మీద పరుస్తాం. అక్కడ కాలనీలు వచ్చాయంటే, నిన్నటి దాకా మందుకు చచ్చే జే53 రాత్రికి రాత్రే నిరోధకత తెచ్చుకుందన్న మాట. మూడింటితోనూ కాలనీలు వచ్చాయి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. జన్యువు ఒకటే అయినంత మాత్రాన ప్లాస్మిడ్ కూడా ఒకటే అనలేం. నిరోధక జన్యువులు ట్రాన్స్‌పోజాన్ల (చోటు మార్చుకోగల డీఎన్ఏ ముక్కల) సాయంతో ఒక ప్లాస్మిడ్ మీద నుంచి ఇంకోదాని మీదికి దూకుతాయి. ప్లాస్మిడ్లు ముక్కలు కోల్పోతాయి, కొత్త ముక్కలు కలుపుకుంటాయి. 2008లో స్వీడన్‌లో ఒక రోగి దగ్గర ఎన్‌డీఎం-1ను మొట్టమొదట గుర్తించినప్పుడే ఇది బయటపడింది. ఆ ఒక్క మనిషి మూత్రంలోని క్లెబ్సియెల్లాలోనూ, మలంలోని ఈ.కోలిలోనూ అదే జన్యువు ఉంది, అయితే క్లెబ్సియెల్లాలో అది సుమారు 180 కిలోబేస్‌ల (కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్ఏ అక్షరాలు) ప్లాస్మిడ్ మీద, ఈ.కోలిలో సుమారు 140 కిలోబేస్‌ల దాని మీద దొరికింది. కాబట్టి మా మూడు కేసుల్లో ఉన్నది ఒకే ప్లాస్మిడా కాదా తేల్చాలంటే లాంగ్ రీడ్ సీక్వెన్సింగ్, అంటే డీఎన్ఏను పొడవాటి ముక్కలుగా చదివే పద్ధతి కావాలి. మామూలు షార్ట్ రీడ్ పద్ధతిలో డీఎన్ఏను చిన్న చిన్న ముక్కలుగా చదువుతారు. ప్లాస్మిడ్ల మీద ఒకే వరుస పదే పదే వస్తుంది కనుక ఆ ముక్కలను తిరిగి ఎలా అతకాలో తెలియదు. మేం అడిగింది ఈ ఒక్క పరీక్షే. "ఔట్‌బ్రేక్ కాదు కాబట్టి అనుమతి లేదు" అన్నారు. ఔట్‌బ్రేకో కాదో తేల్చే పరీక్షకు, ఔట్‌బ్రేక్ అయితేనే అనుమతి ఇస్తారట!

పాలనా విభాగంలో ఉన్నవారి కోసం ప్లాస్మిడ్ గురించి రెండు మాటలు. అది బ్యాక్టీరియా క్రోమోజోమ్‌తో సంబంధం లేకుండా విడిగా ఉండే డీఎన్ఏ, ఎక్కువగా వలయాకారంలో ఉంటుంది. చాలా ప్లాస్మిడ్లు తమను తామే పక్క బ్యాక్టీరియాకు పంపించుకోగలవు. పైలస్ అనే సన్నని పోగుతో పక్కదాన్ని పట్టుకుంటాయి, రెండు పోగుల డీఎన్ఏలో ఒక పోగు అవతలికి వెళ్తుంది, రెండు వైపులా రెండో పోగు కొత్తగా తయారవుతుంది. పరీక్ష హాల్లో స్లిప్పు నకలు రాసుకుని పక్కవాడికి అందించినట్టు, ఇచ్చినవాడి దగ్గరా ఉంటుంది, తీసుకున్నవాడి దగ్గరా ఉంటుంది. లక్ష బేస్‌ల ప్లాస్మిడ్ దాటడానికి కొన్ని నిమిషాలు చాలు. ఒకే ప్లాస్మిడ్ మీద ఐదారు తరగతుల మందులకు నిరోధకత ఉండటం మామూలే. అందుకే వాటిలో ఏ ఒక్క మందు వాడినా మిగతా వాటికి లొంగని గుణాన్ని కూడా మనమే పెంచి పోషిస్తున్నాం.

ఇదేమీ కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. 1950ల్లో జపాన్‌లో రక్త విరేచనాలు కలిగించే షిగెల్లా ఒకేసారి సల్ఫా మందులకు, స్ట్రెప్టోమైసిన్‌కు, క్లోరాంఫెనికాల్‌కు, టెట్రాసైక్లిన్‌కు లొంగకుండా పోయింది. ఆ నిరోధకత మొత్తం మూటగా ఈ.కోలికీ షిగెల్లాకూ మధ్య చేతులు మారుతోందని అక్కడి పరిశోధకులు 1959లోనే చూపించారు. మన ఔట్‌బ్రేక్ నిర్వచనంలోకి మాత్రం ఆ సంగతి ఇంకా రాలేదు.

దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో చెబుతాను.

1. మూత్రంలో మంట, జ్వరం. ఒకప్పుడు కొన్ని రోజుల మాత్రలతో ఇంట్లోనే తగ్గేది. ఇప్పుడు సీటీఎక్స్-ఎం-15 అనే ఎంజైము జన్యువు ఉన్న ఈ.కోలి సెఫ్ట్రియాక్సోన్ లాంటి సెఫలోస్పోరిన్ మందులను విరగ్గొడుతుంది. ఆ జన్యువున్న ప్లాస్మిడ్ మీదే సిప్రోఫ్లాక్సాసిన్‌ను, అమికాసిన్ తరగతిలో కొన్ని మందులను బలహీనపరిచే ఇంకో జన్యువు కూడా తరచూ ఉంటుంది. నోటి మాత్రల దారి మూసుకుపోయి, సెలైన్ స్టాండు పక్కన మంచం ఎక్కాల్సి వస్తోంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది.

2. ఇన్ఫెక్షన్ రక్తంలోకి చేరితే మొదట ఇచ్చే మందు సరైనదా కాదా అన్నదాని మీదే ప్రాణం ఆధారపడుతుంది. 2018లో ప్రచురించిన మెరినో అనే అంతర్జాతీయ ట్రయల్‌లో సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని ఈ.కోలి, క్లెబ్సియెల్లా రక్త ఇన్ఫెక్షన్లున్న రోగులను రెండు జట్లు చేశారు. మెరోపెనెం ఇచ్చిన జట్టులో 30 రోజుల్లో చనిపోయినవారు 3.7 శాతం. పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ ఇచ్చిన జట్టులో 12.3 శాతం. ఆ రెండో మందు ల్యాబ్ పరీక్షలో "పనిచేస్తుంది" అని వచ్చిన రోగులనే ట్రయల్‌లోకి తీసుకున్నారు. రిపోర్టులో "ఎస్" అనే ఒక్క అక్షరం చూసి నిశ్చింతగా ఉండటానికి లేదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఇక ఎన్‌డీఎం, కేపీసీ జన్యువులు వచ్చి చేరితే ఆ మెరోపెనెం కూడా చేజారుతుంది.

3. పుట్టిన బిడ్డకు సెప్సిస్ వస్తే మొదట ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మందులు యాంపిసిలిన్, జెంటామైసిన్. ఈ రెండింటినీ ఒకే ప్లాస్మిడ్ ఒక్క దెబ్బతో పనికిరాకుండా చేయగలదు. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందుకు అంత వ్యవధి ఉండదు. ఆ రెండు రోజులూ ఎన్ఐసీయూ (పసికందుల ఐసీయూ) బయట కూర్చున్న తల్లిదండ్రుల టెన్షన్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

4. టైఫాయిడ్. పాకిస్తాన్‌లోని సింధ్ ప్రాంతంలో 2016లో మొదలైన టైఫాయిడ్ క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్, కోట్రిమాక్సజోల్, ఫ్లోరోక్వినోలోన్లు, సెఫ్ట్రియాక్సోన్, ఏ ఒక్కదానికీ లొంగలేదు. జీనోమ్ చదివి చూస్తే సెఫ్ట్రియాక్సోన్‌ను ఓడించే జన్యువు ఒక ప్లాస్మిడ్ మీద వచ్చి చేరినట్టు తేలింది. అలాంటి ప్లాస్మిడ్లు ఈ.కోలి లాంటి పేగు బ్యాక్టీరియాలో తెలిసినవే. నోటి మాత్రగా అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. ఈ.కోలి లెక్క వేరు, టైఫాయిడ్ లెక్క వేరు అనుకునే పద్ధతి ఎందుకు పనికిరాదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

5. ఏ జబ్బూ లేకుండానే ఈ బ్యాక్టీరియాను పేగుల్లో మోసేవాళ్లు ఉంటారు. విదేశాలకు వెళ్లొచ్చిన డచ్ ప్రయాణికుల మీద 2017లో వెలువడిన అధ్యయనంలో సుమారు 34 శాతం మంది సెఫలోస్పోరిన్లను విరగ్గొట్టే బ్యాక్టీరియాను కొత్తగా వెంట తెచ్చుకున్నారు. దక్షిణాసియా వెళ్లొచ్చినవారిలో అయితే 75 శాతం. తెచ్చుకున్నవారిలో పదకొండు శాతం మందిలో ఏడాది తర్వాత కూడా అది ఉంది. వీళ్లెవరూ నేరం చేసినవాళ్లు కాదు. రిపోర్టు చూసి మొహం చిట్లించడం, బంధువుల ముందే గట్టిగా చెప్పడం వార్డుల్లో చూస్తూనే ఉన్నాను. అది ఆగాలి.

6. కీమోథెరపీ, అవయవ మార్పిడి, కీళ్ల మార్పిడి, సిజేరియన్ వంటివన్నీ యాంటీబయాటిక్ వెనక ఉందన్న ధైర్యంతో చేసేవే.

2021లో ప్రపంచవ్యాప్తంగా బ్యాక్టీరియా నిరోధకత నేరుగా కారణమైన మరణాలు సుమారు 11.4 లక్షలని 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అంచనా. ఇవన్నీ ప్లాస్మిడ్ల ఖాతాలో వేయడం న్యాయం కాదు. టీబీలో నిరోధకత క్రోమోజోమ్‌లో వచ్చే మార్పుల వల్లే పుడుతుంది. కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జాబితాలో అత్యంత ప్రమాదకరమైన వరుసలో పెట్టినవాటిలో కార్బపెనెంలకు (మెరోపెనెం తరగతి మందులకు), మూడో తరం సెఫలోస్పోరిన్లకు లొంగని ఎంటరోబ్యాక్టరేల్స్, అంటే క్లెబ్సియెల్లా, ఈ.కోలి లాంటి పేగు బ్యాక్టీరియా ఉన్నాయి. వాటిలో ప్లాస్మిడ్లదే పెద్ద పాత్ర.

"యాంటీబయాటిక్‌ల వాడకం తగ్గిస్తే అదే సర్దుకుంటుంది, మిగతావన్నీ ఎందుకు?" అని ఒక పెద్దాయన మీటింగులో అడిగారు. తగ్గించాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ అదొక్కటే సరిపోతుందా? బ్రిటన్‌లో 1990ల్లో సల్ఫా మందుల ప్రిస్క్రిప్షన్లు ఏడాదికి సుమారు 3,20,000 నుంచి 7,000కు పడిపోయాయి. అయినా అక్కడి ఒక ఆస్పత్రిలో పరీక్షించిన ఈ.కోలిలో సల్ఫా నిరోధకత 1991లో 39.7 శాతం ఉన్నది 1999లో 46 శాతమైంది. ఆ జన్యువులు ఉన్న ప్లాస్మిడ్ల మీదే వేరే మందుల నిరోధకత కూడా ఉంది, ఆ మందుల వాడకం ఆగలేదు. పైగా కొన్ని ప్లాస్మిడ్లు విషం, విరుగుడు రెండూ తమ దగ్గరే పెట్టుకుంటాయి. ప్లాస్మిడ్‌ను వదిలించుకున్న బ్యాక్టీరియాలో విరుగుడు ముందుగా అయిపోతుంది, మిగిలిన విషం దాన్ని చంపేస్తుంది.

అలాగని చేతులెత్తేయాల్సిన పని లేదు. మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే కొలిస్టిన్‌కు నిరోధకతను ప్లాస్మిడ్ మీద మోసే ఎంసీఆర్-1 జన్యువును చైనా శాస్త్రవేత్తలు 2015లో ప్రకటించారు. పశువుల ఎదుగుదల కోసం దాణాలో కొలిస్టిన్ కలపడాన్ని చైనా 2017లో ఆపేసింది. ఆ జన్యువున్న ఈ.కోలిని మోసే ఆరోగ్యవంతుల శాతం 2016లో సుమారు 14 ఉండగా 2019 నాటికి 6కు తగ్గింది. 2019లో భారత్ కూడా ఆహారం కోసం పెంచే జీవాలకు కొలిస్టిన్ ఇవ్వడాన్ని నిషేధించింది. ఏ మందు ఆపితే ఏ ప్లాస్మిడ్ తగ్గుతుందో, ఏది మొండికేస్తుందో ముందే చెప్పలేం. లెక్క రాసుకుంటేనే తెలుస్తుంది.

ఇక సింకులు. వీటి గురించి మాట్లాడితే నవ్వుతారు, అయినా చెబుతాను. ఐసీయూలో చేతులు కడిగే సింకు కింద వంపు తిరిగిన గొట్టంలో ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి. అక్కడ రకరకాల బ్యాక్టీరియా పొరలా పేరుకుని పక్కపక్కనే బతుకుతుంది, ప్లాస్మిడ్లు చేతులు మారడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ప్రచురించిన ప్రయోగంలో ఆ వంపులో వదిలిన ఈ.కోలి రోజుకు సుమారు అంగుళం చొప్పున పైకి పాకి వారంలో జాలీ దాకా వచ్చింది. ఆ తర్వాత కుళాయి తిప్పితే తుంపర్లతో చుట్టుపక్కల పడింది. మన దగ్గర మిగిలిన యాంటీబయాటిక్ సెలైన్, ట్యూబ్ ద్వారా ఇచ్చే ద్రవాహారం, డ్రెస్సింగ్ కడిగిన నీళ్లు, అన్నీ ఆ సింకులోకే పోతున్నాయి. బ్యాక్టీరియాకు తిండీ, మందుకు అలవాటు పడే అవకాశమూ మనమే ఇస్తున్నాం. నర్సులను తప్పుపట్టి లాభం లేదు, పారబోయడానికి వాళ్లకు వేరే చోటు ఎక్కడ చూపించాం?

మా డిమాండ్లు ఇవి:

1. ఔట్‌బ్రేక్ నిర్వచనం మార్చండి. ఒకే వార్డులో, నిర్ణీత గడువులో, ఏ జాతి బ్యాక్టీరియాలోనైనా ఒకే కార్బపెనెమేజ్ (కార్బపెనెంలను విరగ్గొట్టే ఎంజైము) జన్యువు ఇద్దరు రోగులకు మించి కనిపిస్తే విచారణ మొదలుపెట్టాలి. విచారణలో కాదని తేలితే మంచిదే.

2. కార్బపెనెంకు లొంగని ప్రతి ఎంటరోబ్యాక్టరేల్స్‌కూ కేపీసీ, ఎన్‌డీఎం, ఓఎక్స్ఏ-48, విమ్, ఇంప్ జన్యువుల్లో ఏది ఉందో చూసి రిపోర్టులో రాయాలి. కాలనీ పెరిగాక ఆ ఎంజైములను స్ట్రిప్పు మీద పావుగంటలో గుర్తించే పరీక్షలు ఉన్నాయి. ఇది పరిశోధన కోసం అడుగుతున్నది కాదు. కేపీసీ మీద పనిచేసే సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఎన్‌డీఎం మీద విడిగా పనిచేయదు. ఏ జన్యువో తెలియకుండా డాక్టరు మందు ఎలా ఎంచుకుంటారు?

3. ప్రతి ఆస్పత్రికీ సీక్వెన్సర్ అక్కర్లేదు. ప్రాంతానికొక రిఫరెన్స్ ల్యాబ్‌లో లాంగ్ రీడ్ సీక్వెన్సింగ్ పెట్టి, అనుమానం ఉన్న నమూనాలు పంపే అధికారం మైక్రోబయాలజిస్టుకే ఇవ్వండి. ఫలితం ఏడాది తర్వాత పేపరుగా కాదు, రోగి ఇంకా వార్డులో ఉండగానే రావాలి.

4. రోగిని ఇంకో ఆస్పత్రికి పంపేటప్పుడు డిశ్చార్జి కాగితం మొదటి పేజీలోనే జన్యువు పేరు, ఏ నమూనాలో దొరికిందో రాయాలి. ప్రస్తుతం ఆ వివరం చాలాసార్లు వార్డు దాటి బయటికే రావడం లేదు.

5. చేతులు కడిగే సింకులో చేతులు తప్ప ఇంకేమీ కడగకూడదు. ద్రవాలు పారబోయడానికి విడిగా చోటు కట్టించాలి. సింకులను మంచాలకు, మందులు కలిపే బల్లకు దూరంగా జరపాలి. నెదర్లాండ్స్‌లో ఒక ఐసీయూ రోగుల గదుల్లో సింకులే తీసేస్తే క్లెబ్సియెల్లా, ఈ.కోలి లాంటి గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా రోగులకు అంటుకోవడం తగ్గిందని 2017లో ప్రచురించారు.

6. జన్యువులవారీ లెక్కలు, రోగుల వివరాలు లేకుండా, మూడు నెలలకోసారి ప్రజలకు విడుదల చేయాలి. పరువు పోతుందని భయపడేవాళ్లకు ఒక్క మాట: వెతికే ఆస్పత్రిలోనే కేసులు ఎక్కువ కనిపిస్తాయి. అందుకే ఈ లెక్కలను ర్యాంకులు ఇవ్వడానికి, శిక్షించడానికి వాడబోమని ఆరోగ్య శాఖ ముందే రాతపూర్వకంగా చెప్పాలి. లేకపోతే ఎవరూ వెతకరు.

7. పశువుల ఎదుగుదల కోసం మనుషుల యాంటీబయాటిక్‌లు వాడటం, మందుల తయారీ వ్యర్థాలను నీళ్లలోకి వదలడం మీ శాఖ పరిధిలో లేకపోవచ్చు. సంబంధిత శాఖలతో కూర్చుని మాట్లాడే బాధ్యత మాత్రం మీదే.

2024 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సమావేశంలో దేశాలు ఒక ప్రకటనను ఆమోదించాయి. నిరోధకతతో ముడిపడిన మరణాలను 2019తో పోలిస్తే 2030 నాటికి 10 శాతం తగ్గిస్తామన్నది అందులోని లక్ష్యం. మా వార్డులో ఇవాళ ఏ జన్యువు తిరుగుతోందో తెలియనప్పుడు ఆ 10 శాతాన్ని దేనితో కొలుస్తారో మాకు అర్థం కావడం లేదు.

పై ఏడింటిలో ఖర్చుతో పని లేనివి మొదటిది, నాలుగోది. వాటికి ఒక సర్క్యులర్ చాలు, వచ్చే కమిటీ మీటింగులోపే ఇవ్వవచ్చు. మిగిలిన ఐదింటికి ఒక్కొక్కదానికీ అవుననో కాదనో జవాబు, అవునంటే గడువు, బాధ్యుడి హోదా, కాదంటే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలని కోరుతున్నాం. ఆ ముగ్గురు రోగుల నుంచి వచ్చిన బ్యాక్టీరియాను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో భద్రపరిచాం. సీక్వెన్సింగ్‌కు అనుమతి వచ్చిన రోజే పంపుతాం.

ఇట్లు,
ఒక క్లినికల్ మైక్రోబయాలజిస్టు,
ల్యాబ్ సహోద్యోగుల తరఫున